అవ్వ ట్రంకు పెట్టెలో ఇంకో పేరు

తిరుపతి నుంచి ఒక అమ్మాయి ఎనిమిది పేజీల ఉత్తరం రాసింది. పేరు రాయలేదు, నేనూ అడగలేదు. "నాది మీ మనవరాలి వయసు, నువ్వు అనే రాయండి" అంది కాబట్టి అలాగే రాస్తున్నాను. ఉన్నది ఉన్నట్టు వేస్తే చుట్టాలు గుర్తుపడతారని ఆమె భయం. అందుకని కొన్ని వివరాలు వదిలేసి సంగతి మాత్రం చెబుతాను.

వయసు ఇరవై ఏడు. ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్చరర్. వాళ్ళ అవ్వ, అంటే అమ్మ తల్లి, చాలా ఏళ్ళు వీళ్ళింట్లోనే ఉండి మొన్న ఆషాఢంలో పోయింది. చుట్టాలందరికీ ఆమె "రేణిగుంట అవ్వ". తాత రైల్వేలో గుమాస్తా. అవ్వ చీరకట్టు, బొట్టు, మాట అన్నీ ఈ పక్క ఆడవాళ్ళలాగే ఉండేవి. డెబ్బై దాటేదాకా ఏటా అలిపిరి మెట్లెక్కి కొండకు వెళ్ళింది. ఒక్కటే తేడా, డబ్బులు లెక్కపెట్టేటప్పుడు పెదవులు కదిలీ కదలకుండా ఇంగ్లీషులో లెక్కపెట్టేది. ఆ కాలంలోనే బాగా చదువుకుని ఉంటుందని ఇంట్లో అనుకునేవాళ్ళు. డిసెంబరు వచ్చిందంటే గవ్వలు, అచ్చు గులాబీలు డబ్బాల నిండా చేసేది. సంక్రాంతికి ఇంకా టైముంది కదా అంటే, ధనుర్మాసం కదే అనేది.

పెద్దకర్మ అయ్యాక ట్రంకు పెట్టె తెరిచారు. అడుగున ఒక బాప్టిజం కాగితం. అందులో అవ్వ పుట్టిన తేదీ పక్కన ఒక ఇంగ్లీషు పేరు ఉంది. తండ్రి ఉద్యోగం: గార్డు, మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే. ఒక ఫొటోలో బంగళా వరండా మీద గౌన్లు వేసుకున్న ముగ్గురు ఆడపిల్లలు, మధ్యలో అవ్వ. ఒక జపమాల. ఆస్ట్రేలియాలోని పెర్త్ నుంచి అవ్వ చెల్లెలు రాసిన పదకొండు ఏరోగ్రాములు, అంటే విదేశాలకు రాసే మడత ఉత్తరాలు. చివరిది 1974లో వచ్చింది. "నువ్వు జవాబు రాయడం ఎందుకు మానేశావు?" అని ఉందట.

అవ్వ ఆంగ్లో ఇండియన్ల ఇంటి పిల్ల, అంటే తెల్ల తండ్రులకూ ఇక్కడి తల్లులకూ పుట్టినవాళ్ళ సంతతి. అమ్మాయి బిత్తరపోయింది. వాళ్ళమ్మ మాత్రం ఆశ్చర్యపోలేదు. పన్నెండో ఏటే అవ్వ ఆమెకు అంతా చెప్పి, ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకుందట. ఇప్పుడు అమ్మ కూతురి చేత అదే ఒట్టు వేయించుకుంది. పెట్టెలోవన్నీ భోగి మంటలో వేసేద్దాం అంటోంది. ఈలోగా చిత్తూరు సంబంధం కుదిరింది. అబ్బాయి బెంగళూరులో సాఫ్ట్‌వేర్. మాఘంలో ముహూర్తం. పెళ్ళిచూపుల్లో అబ్బాయి తల్లి పిల్ల కళ్ళు చూసి, "ఈ రంగు కళ్ళు ఎవరి పోలిక?" అని అడిగితే, "మా పెదనాన్నవి" అని అమ్మ చెప్పింది. అలాంటి పెదనాన్న ఎవరూ లేరు.

"నాకు నిద్ర పట్టడం లేదు" అని రాసింది ఆమె. "అబ్బాయికి చెప్పాలా వద్దా? కాగితాలు కాల్చనివ్వాలా? పెర్త్‌లో ఉన్నవాళ్ళకు రాయాలా? తమ్ముడు డీఎన్ఏ టెస్టు చేయిద్దాం అంటున్నాడు. కొండ మీద అన్యమతస్థులు డిక్లరేషన్ ఇవ్వాలంటారు కదా, మరి అవ్వ ఇన్నేళ్ళూ వెళ్ళింది తప్పా, ఇకమీద నేను వెళ్ళొచ్చా? స్కూల్లో నన్ను పిల్లికళ్ళ పిల్ల అని ఏడిపించేవాళ్ళు. అసలు నేను ఎవరిని?"

ముందు కాగితాల సంగతి తల్లీ, ఎందుకంటే భోగి దగ్గరకొచ్చేసింది. మిగిలినవి ఈ నెల వద్దనుకుంటే వచ్చే ఏడు చూసుకోవచ్చు. కాలిపోయిన కాగితం మళ్ళీ రాదు. అవి నీ ఒక్కదానివీ కావు, మీ అమ్మ ఒక్కదానివీ కావు. మీ తమ్ముడికి, రేపు మీకు పుట్టబోయేవాళ్ళకు, పెర్త్‌లో ఉన్న ఆ చెల్లెలి పిల్లలకూ వాటిలో భాగముంది. "ఎవరికీ చూపించను, పెళ్ళయ్యేదాకా బీరువాలోంచి బయటకు తియ్యను, కానీ కాల్చొద్దు" అని అమ్మను అడుగు. ఆమె ససేమిరా అంటే, ప్రతి కాగితాన్నీ రెండు వైపులా ఫొటో తీసుకుంటానని ఆమెకు చెప్పి, ఆమె ముందే తీసుకో. దొంగచాటుగా పెట్టె మార్చేయాలని నీకు అనిపించొచ్చు, అది మాత్రం వద్దు. యాభై ఏళ్ళు ఒక రహస్యం మోసిన మనిషికి కూతురు కూడా తన దగ్గర దాచిందని తెలిస్తే ఇక ఎవరిని నమ్ముతుంది?

ఇప్పుడు అసలు సంగతి. నీ ఎనిమిది పేజీల్లో ఒక వాక్యం అలా వచ్చి వెళ్ళిపోయింది, నువ్వు గమనించావో లేదో. ఆరో పేజీలో, "నాయనకు కూడా ఈ విషయం తెలియదు" అని రాశావు. ఉత్తరమంతా చిత్తూరు సంబంధం గురించీ, అబ్బాయి తల్లి గురించీ ఉంది. నాకు మాత్రం ముడి అక్కడే ఉందనిపించింది. మీ అమ్మ భయపడేది నీ పెళ్ళి చెడిపోతుందని మాత్రమే కాదు. ముప్పై ఏళ్ళు కాపురం చేసిన భర్త "ఇన్నాళ్ళు నా దగ్గర దాచావా?" అని అడుగుతాడని. నీ పెళ్ళి మాట ఎత్తినప్పుడల్లా ఆమెకు తన పెళ్ళి గుర్తొస్తోంది. ఆమెకూ పెళ్ళిచూపుల్లో ఎవరో ఏదో అడిగే ఉంటారు, ఆమె తల్లి ఏదో చెప్పే ఉంటుంది.

కాబట్టి అబ్బాయికి చెప్పాలా వద్దా అనే దాని కంటే ముందు, మీ ఇంట్లో ఎవరు ఎవరికి చెప్పాలన్నది తేలాలి. దాని దగ్గరకు మళ్ళీ వస్తాను. అంతకు ముందు, అవ్వ ఎందుకు దాచిందో నీకు కొంత తెలియాలి. తెలిస్తే మీ అమ్మ మీద కోపం తగ్గుతుంది. నీ ఉత్తరంలో కోపం ఉంది, ఉండటంలో తప్పు లేదు.

ఆంగ్లో ఇండియన్ల కథ మన పక్కనే మొదలైంది. 1639లో ఈస్టిండియా కంపెనీ మనిషి ఫ్రాన్సిస్ డేకి మద్రాసు దగ్గర సముద్రం ఒడ్డున స్థలం ఇచ్చిన దామెర్లవాళ్ళు, అప్పటి చంద్రగిరి రాజు కింద ఉన్న నాయకులు. నువ్వు స్కూలు పిల్లగా ఎక్స్‌కర్షన్‌కు వెళ్ళి చూసుంటావే, ఆ చంద్రగిరే. ఆ స్థలంలో కోట లేచింది, సిపాయిలొచ్చారు. వాళ్ళ ఆడవాళ్ళు సముద్రం దాటి రాలేదు. 1687లో లండన్‌లోని కంపెనీ డైరెక్టర్లు మద్రాసుకు ఉత్తరం రాశారు. సిపాయిలు ఇక్కడి ఆడవాళ్ళను పెళ్ళి చేసుకుంటే ప్రోత్సహించండి, పుట్టి బాప్టిజం పొందిన ప్రతి బిడ్డకూ తల్లికి ఒక పగోడా ఇవ్వండి అని. పగోడా అంటే అప్పటి బంగారు నాణెం, మనవాళ్ళు వరహా అనేవాళ్ళు. అంటే ఆ పిల్లలు ఎక్కడో చాటుమాటుగా పుట్టినవాళ్ళు కారు, ఒకప్పుడు కంపెనీ డబ్బిచ్చి మరీ కోరుకున్న పిల్లలు.

వందేళ్ళు తిరిగేసరికి వాళ్ళే బరువయ్యారు. 1786లో కలకత్తా అనాథ బడిలో ఉన్న ఇలాంటి పిల్లలు చదువుకు ఇంగ్లండు వెళ్ళకుండా ఆపారు. 1791లో, తల్లి భారతీయురాలైతే కంపెనీ సివిల్, సైనిక ఉద్యోగాలకు పనికిరారన్నారు. 1795లో, తల్లీ తండ్రీ ఇద్దరూ యూరోపియన్లు కాకపోతే సైన్యంలో డప్పులు, పిల్లనగ్రోవులు వాయించడానికి, గుర్రాలకు లాడాలు కొట్టడానికి తప్ప తీసుకోవద్దన్నారు. తండ్రి స్కాట్లండువాడు, తల్లి రాజ్‌పుత్ అయిన జేమ్స్ స్కిన్నర్ అందుకే మరాఠాల సైన్యంలో చేరాల్సొచ్చింది. తర్వాత 1803లో ఆయన పెట్టిన గుర్రపు దళం నేటికీ మన సైన్యంలో ఉంది.

హైదరాబాద్ కోఠి ఉమెన్స్ కాలేజీలో, ఇప్పుడది మహిళా విశ్వవిద్యాలయం, పెద్ద స్తంభాల భవనం చూసే ఉంటావు. నిజాం దగ్గర కంపెనీ ప్రతినిధిగా ఉన్న రెసిడెంటు కిర్క్‌ప్యాట్రిక్ కట్టించిన ఇల్లు అది. ఆయన ఖైరున్నిసా అనే హైదరాబాదీ అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు. ఇద్దరు పిల్లలు, సాహిబ్ ఆలం, సాహిబ్ బేగం. 1805లో, పాప ఇంకా మూడేళ్ళదే అనగా, ఇద్దరినీ ఇంగ్లండు పంపించేశారు. అక్కడ బాప్టిజం ఇచ్చి విలియం జార్జ్, కేథరిన్ అరోరా అని పేర్లు మార్చారు. తండ్రి అదే ఏడు చనిపోయాడు. పాప తల్లిని మళ్ళీ చూడలేదు. ముప్పై ఏళ్ళు దాటాక ఆమెకు హైదరాబాద్‌లో ఇంకా బతికున్న తన అమ్మమ్మతో ఉత్తరాలు కలిశాయి. కేథరిన్ ఇంగ్లీషులో రాస్తే, అమ్మమ్మ పారశీలో జవాబులు పంపేది. నీ పెట్టెలోని ఏరోగ్రాముల గురించి చదువుతుంటే నాకు ఆ అమ్మమ్మే గుర్తొచ్చింది. ఒకరు పేరు మార్చుకుని అక్కడికి వెళ్తే, ఇంకొకరు పేరు మార్చుకుని ఇక్కడే ఉండిపోయారు.

రైళ్ళు వచ్చాక వీళ్ళకు బతుకుతెరువు దొరికింది. గార్డులు, డ్రైవర్లు, టెలిగ్రాఫ్ మనుషులు, నర్సులు, టీచర్లు. మద్రాసు నుంచి రాయచూరు పోయే లైను మీద రేణిగుంట ఉంది కాబట్టి మీ ముత్తాత అక్కడికి వచ్చి ఉంటాడు. అంతకుముందు యురేషియన్లు అన్నవాళ్ళనే 1911 జనాభా లెక్కల నుంచి ప్రభుత్వం ఆంగ్లో ఇండియన్లు అంది. పేరు గౌరవంగానే ఉంది, చూపు మాత్రం మారలేదు. రూపాయికి పదహారు అణాలు కదా, ఇంగ్లీషువాళ్ళు వీళ్ళను "ఎనిమిది అణాలు" అని వెక్కిరించేవారు. క్లబ్బులో కూర్చోనిచ్చేవారు కాదు. మనవాళ్ళు మాత్రం తక్కువ తిన్నారా? తమిళంలో సట్టైకారర్ అనేవాళ్ళు, చొక్కాలవాళ్ళు అని. తెలుగులో అన్న మాటలు నేను ఇక్కడ రాయను.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పుకోవాలి. నా చిన్నతనం పాకాల రైల్వే క్వార్టర్స్‌లో గడిచింది. మూడిళ్ళ అవతల ఒక ఆంగ్లో ఇండియన్ గార్డు కుటుంబం ఉండేది. వాళ్ళమ్మాయి నా ఈడుదే. ఒక డిసెంబరులో, క్రిస్మస్‌కు, ఆ పిల్ల నా చేతిలో గవ్వలు పెట్టింది, చక్కెర పాకంలో వేసినవి. తిన్నాను. ఇంట్లో తెలిసి నాకు తలస్నానం చేయించి లోపలికి రానిచ్చారు. ఆ పిల్ల అది చూసింది. రెండేళ్ళకు వాళ్ళు సామాన్లు వరండాలో పెట్టి అమ్మేసి వెళ్ళిపోయారు. ఎక్కడికి అని కూడా నేను అడగలేదు. ఇప్పటికీ గవ్వలు నోట్లో పెట్టుకుంటే ఆ పిల్ల మొహం కనిపిస్తుంది. మీ అవ్వ ఎవరికి భయపడి పేరు దాచుకుందో నాకు బాగా తెలుసు. మా ఇంటిలాంటి ఇళ్ళకు.

స్వాతంత్ర్యం తర్వాత వాళ్ళ కాళ్ళ కింద నేల కదిలింది. రాజ్యాంగ సభలో వాళ్ళ నాయకుడు ఫ్రాంక్ ఆంథోనీ కొట్లాడి కొన్ని రక్షణలు తెచ్చాడు. రైల్వే, కస్టమ్స్, తపాలా, టెలిగ్రాఫ్ ఉద్యోగాల్లో కోటా ఉండేది, అది రెండేళ్ళకోసారి పది శాతం తగ్గుతూ పదేళ్ళకు ఆగిపోవాలని 336వ అధికరణంలో రాశారు. అంటే 1960తో సరి. ఉద్యోగం మీదే బతికే కుటుంబాలు ఇంగ్లండు, కెనడా, ఆస్ట్రేలియా దారి పట్టాయి. అక్కడా గడప దాటడం తేలిక కాదు. తెల్లవాళ్ళకే చోటన్న ఆస్ట్రేలియా 1966లో నియమాలు సడలించి, 1973లో ఆ విధానాన్ని వదిలేసింది. అంతకు ముందు వెళ్ళాలంటే యూరప్ పూర్వీకుల రుజువులు చూపించాలి, మొహం రంగు కూడా చూసేవాళ్ళు. మీ అవ్వ పుట్టింటివాళ్ళు 1967లో ఓడ ఎక్కారని రాశావు. అప్పటికి అవ్వకు పెళ్ళయి మీ అమ్మ చంకలో ఉంది. తాత ఇంటివాళ్ళు కొన్నేళ్ళు గడప తొక్కనివ్వలేదని కూడా రాశావు. పుట్టినిల్లు సముద్రం అవతల, అత్తిల్లు తలుపు వేసుకుంది. ఆ పిల్ల ఏం చేస్తుంది? బొట్టు పెట్టుకుంది, మెట్లెక్కింది, పేరు పెట్టెలో పెట్టి తాళం వేసింది. దాన్ని మోసం అనడానికి నాకు మనసొప్పదు.

చెల్లెలికి జవాబు రాయడం మానేయడం మాత్రం నన్ను బాధపెట్టింది. బహుశా ఏరోగ్రాము తెచ్చే పోస్ట్‌మాన్‌ను చూసి కూడా భయపడే పరిస్థితి వచ్చి ఉంటుంది.

ఇక "నేను ఎవరిని" అన్న ప్రశ్న. చట్టం చెప్పేది సూటిగా ఉంది. రాజ్యాంగం 366వ అధికరణం రెండో క్లాజు ప్రకారం, తండ్రి గానీ తండ్రి వరుసలో పై మగవాళ్ళెవరైనా గానీ యూరోపియన్ సంతతి అయి ఉండి, భారతదేశంలో స్థిరపడ్డ తల్లిదండ్రులకు ఇక్కడే పుట్టినవాళ్ళు ఆంగ్లో ఇండియన్లు. తండ్రి వరుస మాత్రమే. మీ ముత్తాత గార్డు కాబట్టి అవ్వ ఆంగ్లో ఇండియన్. మీ తాత తెలుగువాడు కాబట్టి మీ అమ్మ ఆ లెక్కలోకి రాదు, నువ్వూ రావు. నీ సర్టిఫికెట్లలో ఏదో తప్పు రాయించామేమో అని టెన్షన్ పడ్డావు కదా, అవసరం లేదు. అవి మీ నాయన వైపు నుంచి వచ్చినవి, వాటికి ఏమీ కాదు.

ఈ నిర్వచనం నాకు నచ్చదని మాత్రం చెప్పాలి. ఈ సమాజం మొదలైందే ఇక్కడి తల్లులతో. పాత బాప్టిజం రిజిస్టర్లలో తండ్రి పేరు, హోదా ఉంటాయి, చాలా చోట్ల తల్లి పేరే ఉండదు. ఏ తెలుగు ఊరి పిల్లో, ఏ అరవ పిల్లో, ఆమె అసలు పేరేమిటో ఎవరూ రాయలేదు. తర్వాత వచ్చిన చట్టం కూడా మగవాళ్ళ వరుసనే పట్టుకుంది. మీ అవ్వ ఒక తెలుగు ఇంటికి కోడలిగా వచ్చేసరికి ఆ వరుస లెక్కలోంచి జారిపోయింది. చట్టం వదిలేసినంత మాత్రాన ఆమె నీకు అవ్వ కాకుండా పోదు. నీలో దాదాపు పావు వంతు ఆమె నుంచి వచ్చిందే.

ఇంకో లెక్క చెబుతాను. లోక్‌సభలో ఇద్దరు ఆంగ్లో ఇండియన్లను, కొన్ని శాసనసభల్లో ఒకరిని నామినేట్ చేసే పద్ధతి 104వ సవరణతో 2020 జనవరిలో ముగిసింది. అప్పుడు పార్లమెంటులో ప్రభుత్వం చూపించిన అంకె, 2011 జనాభా లెక్కల ప్రకారం దేశం మొత్తం మీద 296 మంది ఆంగ్లో ఇండియన్లు. ఆ అంకెను వాళ్ళ సంఘాలు ఒప్పుకోలేదు. 2011లో మీ అవ్వ ఉంది, మీ ఇంటికీ లెక్కలవాళ్ళు వచ్చి ఉంటారు. ఆమె నోరు విప్పి ఉండదు కదా.

కొండ సంగతి. డిక్లరేషన్ అన్యమతస్థులు స్వామి మీద నమ్మకం ఉందని రాసిచ్చేది. అది మనిషి పాటించే మతానికి సంబంధించింది, ముత్తాత ఎవరన్నదానికి కాదు. నువ్వు హిందువుగా పుట్టి పెరిగావు, నీకు దానితో పని లేదు. మరి అవ్వ? మూడున్నర వేల మెట్లు ఏటా కాళ్ళతో ఎక్కిన ముసలామె ఎవరికి మొక్కుకుందో, జపమాల పట్టుకున్నప్పుడు ఏమనుకుందో, రెండూ ఆమె మనసులోనే ఉన్నాయి. రెండిటిలో ఏది నిజమని తేల్చే పని మనం పెట్టుకోవద్దు. రెండూ నిజమే అయి ఉండొచ్చు.

ఇప్పుడు అబ్బాయి. నీ ముందు మూడు దారులున్నాయి, మూడింటికీ ఖరీదు ఉంది.

చెప్పకుండా పెళ్ళి చేసుకోవచ్చు. చట్టపరంగా నీ గుర్తింపు మారలేదు, నీ ఆరోగ్యానికి దీంతో సంబంధం లేదు, ముత్తాతల చరిత్ర అంతా పెళ్ళికొడుకుకు అప్పజెప్పాల్సిన రూలేమీ లేదు. అలా ఎంచుకుంటే నేను నిన్ను తప్పుపట్టను. అయితే లేని పెదనాన్న ఒకడు ఇప్పటికే కథలోకి వచ్చాడు. రేపు నీకు పుట్టే బిడ్డకు అవే కళ్ళు వస్తే మళ్ళీ అడుగుతారు, ఈసారి ఆ అబద్ధం నీ నోట రావాలి. మీ అమ్మ బతుకు నీకు తెలుసు, అలా బతకగలవేమో నువ్వే చూసుకో. తేనె రంగు కళ్ళు, పిల్లి కళ్ళు యూరప్ పోలిక లేని ఇళ్ళలోనూ పుడతాయి, ఆ మాట మాత్రం నిజమే. కావాలంటే అంతవరకే చెప్పి ఊరుకోవచ్చు, పెదనాన్నను లాగాల్సిన పని లేదు.

పెళ్ళయ్యాక చెప్పడం రెండో దారి. చాలామంది ఇదే ఎంచుకుంటారు, అప్పటికి ఒకరినొకరు నమ్ముతారు కదా అని. నాకు ఇది అన్నిటికన్నా కష్టమైన దారి అనిపిస్తుంది. విషయం చిన్నదే అయినా, "ముందే ఎందుకు చెప్పలేదు?" అన్న ప్రశ్న పెద్దదవుతుంది. చిన్నదైతే ఎందుకు దాచావు అంటాడు, దాచావు కాబట్టి పెద్దదే అంటాడు.

ముందే అబ్బాయికి ఒక్కడికే చెప్పడం మూడోది. నా మొగ్గు దీనివైపే. అతనితో వారానికి రెండు మూడుసార్లు మాట్లాడుతున్నానని, మంచివాడిలాగే ఉన్నాడని రాశావు. అయితే తప్పు ఒప్పుకుంటున్నట్టు చెప్పకు. "మా అవ్వ గురించి నాకు ఈ మధ్యే ఒక సంగతి తెలిసింది, నీకు చెప్పాలనిపించింది" అని మొదలుపెట్టు. ఫొటో చూపించు. అతని మొహంలో ముందు కుతూహలం కనిపిస్తుందా, లేక "అమ్మకు తెలిస్తే ఎలా" అన్న భయమా, ఆ పది నిమిషాల్లో నీకు చాలా తెలుస్తుంది. భయం కనిపించినంత మాత్రాన చెడ్డవాడనుకోకు, మీ అమ్మకు ఉన్నదే అతనికీ ఉంటుంది. వాళ్ళ తల్లికి చెప్పాలా వద్దా అన్నది అతను తేల్చుకోవాల్సిన విషయం. సంబంధం తప్పిపోయే ప్రమాదం ఉందా అంటే, ఉంది. నీకు అబద్ధం చెప్పలేను. తప్పిపోతే మీ ఇంట్లో కొన్ని నెలలు నరకంగా ఉంటుంది, మీ అమ్మ నిన్నే అంటుంది. ఆ రోజులు ఓర్చుకోగలనన్న నమ్మకం ఉంటేనే ఈ దారి పట్టు.

కానీ నువ్వు ఒట్టు వేశావు. దాన్ని గాలికి వదిలేయమని నేను అనను, మీ అమ్మ దగ్గరే విడిపించుకోవాలి. అతనికి చెప్పాక మీ నాయనకు బయటి నుంచి తెలిస్తే అది ఇంకా పెద్ద గాయం. అందుకే మొదట చెప్పాల్సింది మీ అమ్మ, మీ నాయనకు. ఆ పని నువ్వు చేయొద్దు, కానీ ఆమెకు తోడుగా ఉండొచ్చు. మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు కూర్చుని అడుగు. "ఎందుకు దాచావు" అని కాదు, "ఇన్నేళ్ళు ఒక్కదానివే ఎలా మోశావమ్మా" అని. పన్నెండేళ్ళ పిల్ల తలమీద పెట్టిన బరువది. ఆమెను ఎవరూ ఇంతవరకూ ఆ మాట అడిగి ఉండరు. మీ నాయన ఎలాంటి మనిషో నాకు తెలియదు, నువ్వు రాసిన దాన్నిబట్టి అవ్వ చివరి రోజుల్లో ఆమెకు స్నానం చేయించడానికి బకెట్ నీళ్ళు మోసింది ఆయనే. అలాంటి మనిషి కోప్పడితే కొన్నాళ్ళు కోప్పడతాడు.

మీ అమ్మ ఎంతకీ ఒప్పుకోకపోతే? అప్పుడు నీ చేతిలో రెండే ఉంటాయి. ఒట్టు నిలుపుకుని మొదటి దారిలో వెళ్ళడం, లేదా "నేను అతనికి చెబుతాను, నీకు ముందే చెప్పి చేస్తున్నాను" అని ఆమెకు మొహం మీదే చెప్పి చేయడం. ఏది చేసినా ఆమెకు తెలిసే చెయ్యి.

డీఎన్ఏ టెస్టు తొందరేమీ లేదు. అది ఏ ప్రాంతం పోలిక ఎన్ని శాతమో ఒక అంచనా ఇస్తుంది, దూరపు చుట్టాలు అదే కంపెనీలో పరీక్ష చేయించుకుని ఉంటే వాళ్ళ పేర్లూ చూపిస్తుంది. అవ్వ పేరు గురించి నీ దగ్గరున్న కాగితం చెప్పినంత అది చెప్పదు. పైగా తమ్ముడు ఇచ్చే ఉమ్ములో మీ అమ్మ వివరాలు కూడా సగం ఉంటాయి. ఆమెను అడక్కుండా పంపొద్దని అతనికి చెప్పు. పూర్వీకుల గురించి నిజంగా తెలుసుకోవాలంటే, ఆ కాలపు బాప్టిజం, పెళ్ళి, మరణ రిజిస్టర్ల నకళ్ళు చాలా లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీస్ రికార్డుల్లో ఉన్నాయి. కాగితం మీద చర్చి పేరు ఉంటుంది కాబట్టి అక్కడి ఫాదర్‌నూ అడగొచ్చు.

పెర్త్‌కు రాయడం గురించి నాకు పెద్ద సందేహం లేదు, ఎప్పుడన్నదే సందేహం. ఆ చెల్లెలు బతికుంటే ఎనభై దాటి ఉంటుంది. పాత అడ్రసులో ఎవరూ ఉండకపోవచ్చు. అయినా నాలుగు వాక్యాలు రాయొచ్చు: మా అవ్వ ఫలానా రోజు పోయింది, మీ ఉత్తరాలన్నీ దాచుకుంది, ఒక్కటీ పారేయలేదు. అక్కడ ఎవరో ఒకరు యాభై ఏళ్ళుగా జవాబు కోసం చూసి ఉంటారు. అమ్మ ఒప్పుకుంటే ఆమె చేతే సంతకం పెట్టించు, ఆ చెల్లెలు ఆమెకు పిన్నమ్మ కదా. పెళ్ళి హడావిడిలో కుదరకపోతే తర్వాతైనా సరే, మరీ ఆలస్యం మాత్రం చేయకు.

ఇది నీ చేతికందేసరికి ధనుర్మాసం ఇంకా నడుస్తూ ఉంటుంది. ఈ ఏడు మీ ఇంట్లో గవ్వలు చేశారో లేదో నువ్వు రాయలేదు. చేయకపోతే ఒకరోజు మైదా తెచ్చి అమ్మను కూర్చోబెట్టు. అవ్వ గవ్వల పీట ఉంటే సరే, లేకపోతే కొత్త దువ్వెన పళ్ళ మీద ఒత్తినా గీతలు పడతాయి. ఒత్తుతూ ఉండగా అమ్మను అడుగు, ఇవి అవ్వకు ఎవరు నేర్పారు అని.